అటకెక్కిన మియాటా: రెండు కార్ల గ్యారేజీలో నాలుగు కార్లు

జనవరి 13, 2024

బిల్డరు ఇచ్చిన కాగితాల్లో దీన్ని రెండు కార్ల గ్యారేజీ అన్నారు. ఆరేళ్లుగా ఇందులో ఉన్నది ఒకటే కారు, నా 1991 మాజ్డా మియాటా. మిగతా సగంలో నిలువు ఫ్రీజరు, సోనామసూరి బస్తాలు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు, మా అమ్మాయి తొక్కడం మానేసిన రెండు సైకిళ్లు, ఎప్పటికైనా పనికొస్తాయని నేను దాచిన చెక్కముక్కలు కాపురం ఉంటున్నాయి. డాలస్‌కు ఉత్తరాన, ప్లేనోలో మా వీధిలో ఏ గ్యారేజీ తలుపు లేచినా కనిపించేది ఇంచుమించు ఇదే. వేలు పోసి కొన్న కార్లు ఎండలో, ఎవరికీ అక్కరలేని సామాను నీడలో.

ఇప్పుడు కదలక తప్పని పరిస్థితి వచ్చింది. 1969 ఎంజీ మిడ్జెట్ అనే చిన్న ఇంగ్లీషు కారును ఇన్నాళ్లూ ఒక స్నేహితుడి కొట్టంలో పెట్టుకున్నాను. ఆయన ఏప్రిల్‌లో ఇల్లు అమ్మేస్తున్నాడు. వాకిట్లో కవరు కప్పి ఉంచిన 2003 టొయోటా ఎంఆర్2 స్పైడర్ వల్ల వీధి అందం చెడుతోందని కాలనీ సంఘం ఉత్తరం పంపింది. ఇవి రెండూ ఎలాగో సర్దుకునేవాడిని. పోయిన వసంతంలో వడగళ్లు మా ఆవిడ రావ్4 బానెట్ నిండా సొట్టలు వేశాయి. ఆవిడ కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అంది: “ఈసారి వడగళ్లు పడే వేళకు నా కారు లోపల ఉండాలండీ. మీ బొమ్మకార్లు ఎక్కడ ఉంటాయో మీరు చూసుకోండి.”

ఉత్తర టెక్సాస్‌లో వడగళ్ల కాలం మార్చిలో మొదలవుతుంది. అంటే చేతిలో రెండు నెలలు.

టేపు పట్టాను. లోపలి వెడల్పు 19 అడుగుల 6 అంగుళాలు, లోతు 21 అడుగులు, కప్పు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున ఉంది. అంగుళాల్లో 234, 252, 114. తలుపు ఒకటే: 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు.

మియాటా సుమారు 156 అంగుళాల పొడవు, 66 వెడల్పు, 48 ఎత్తు. ఎంఆర్2 153 పొడవు, 67 వెడల్పు, 49 ఎత్తు. మిడ్జెట్ 137 పొడవు, 55 వెడల్పు. పక్కన నిలబడితే మనకే జాలి వేసేంత చిన్నది. రావ్4 మాత్రం 181 పొడవు, 73 వెడల్పు. నాలుగింటి వైశాల్యం కలిపితే 287 చదరపు అడుగులు. గ్యారేజీ 410 చదరపు అడుగులు. అంటే ఇంకా 120 చదరపు అడుగులు మిగలాలి. ఈ లెక్క మా ఆవిడకు చూపించి ధైర్యం చెప్పాను. ఒక వారం పాటు నేనూ నమ్మాను.

జనవరి 20

అడుగుకు ఒక అంగుళం చొప్పున అట్టముక్కలు కత్తిరించాం. కత్తిరించింది మా అమ్మాయి, కొలతలు చెప్పింది నేను. డైనింగ్ టేబుల్ మీద గ్యారేజీ గీసి వాటిని జరిపి చూశాం.

మూడు కార్లు పక్కపక్కన పెడితే 66, 67, 73 కలిపి 206 అంగుళాలు. గోడ నుంచి గోడకు 234. మిగిలిన 28 అంగుళాలను నాలుగు సందులకు పంచితే తలా ఏడు. ఏడు అంగుళాల సందులో కారు తలుపు తెరుచుకుని దిగాలంటే మనిషి అట్టు అయినా కావాలి, అప్పడం అయినా కావాలి. అసలు తలుపు వెడల్పే 192 అంగుళాలు. మూడు కార్లు సరాసరి లోపలికి కూడా రావు.

చదరపు అడుగుల లెక్క ఎంత మోసమో అప్పుడు తెలిసింది. నిలిపి ఉంచిన కారుకు కావలసిన చోటు వేరు, అందులోంచి మనిషి దిగడానికి కావలసిన చోటు వేరు, ఆ కారు కదిలి బయటపడటానికి కావలసిన చోటు వేరు. నేను మొదటిది మాత్రమే కొలిచాను.

అమ్మ డిసెంబరులో తెనాలి నుంచి వచ్చింది. జూన్ దాకా ఉంటుంది. మేం అట్టముక్కలతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, “ఏది రోజూ బయటికి వెళ్తుందిరా?” అని అడిగింది. రావ్4 అన్నాను. ఆ తర్వాత? ఎంఆర్2, వారానికి రెండు మూడుసార్లు. మియాటా నెలకు రెండుసార్లు. మిడ్జెట్ కదిలితే పండగే.

“మన కొట్టంలో మీ తాతయ్య పాడి గేదెను గుమ్మం దగ్గర కట్టేవాడు. చూడి గేదెను లోపల మూల కట్టేవాడు. నువ్వు పొడుగూ వెడల్పూ చూస్తున్నావు గానీ ఏది ముందు బయటికి పోవాలో చూడటం లేదు.”

అట్టముక్కలు మళ్లీ పరిచాం, ఈసారి ఆ వరుసలో. మిడ్జెట్ వెనక గోడ వెంబడి అడ్డంగా. దాని ముందు ఎడమవైపు మియాటా, ఎంఆర్2 ఒకదానిపై ఒకటి. కుడివైపు రావ్4 ఒక్కటే. నాలుగూ పట్టాయి. అట్టముక్కను అట్టముక్క మీద పెట్టడం తేలికే కదా.

ఫిబ్రవరి 3

ఒక కారును ఇంకో కారు పైన ఎత్తి నిలిపే లిఫ్టుల గురించి చదివినకొద్దీ రెండు స్తంభాలదే మనసుకు నచ్చింది. చోటు తక్కువ తింటుంది, చక్రాలు గాలిలో వేలాడతాయి కాబట్టి కింద పని చేసుకోవచ్చు. అయితే దాని బరువంతా నేలలోకి దిగ్గొట్టిన బోల్టుల మీదే నిలుస్తుంది. గ్యారేజీ గుమ్మం దగ్గర కాంక్రీటులో ఒక ముద్ర ఉంది. ఆరేళ్లుగా దాని మీదుగా నడుస్తున్నాను, ఏనాడూ చదవలేదు. ఇది పోస్ట్ టెన్షన్ పలక, కోయవద్దు, తొలచవద్దు అని రాసి ఉంది.

ఇక్కడి నేల నల్లరేగడి. నిజంగానే మన గుంటూరు జిల్లా నల్లరేగడి లాంటిదే: వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. అలాంటి నేల మీద ఇల్లు చీలకుండా ఉండాలని పునాది పలకలో ఉక్కు తీగలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని టన్నుల బిగువుతో లాగి కట్టేస్తారు. డ్రిల్లు మొన అందులో ఒక తీగకు తగిలిందంటే పలక దెబ్బతినడం ఒక్కటే కాదు, తెగిన తీగ విసురుకు మనిషి ప్రాణమే పోవచ్చు. తీగలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించి బోల్టులు వేసేవాళ్లు ఉన్నారు. నాకు అంత గుండె లేదు.

అందుకని నాలుగు స్తంభాల లిఫ్టు. దీనికి బోల్టులు అక్కరలేదు, మంచంలా దాని కాళ్ల మీద అదే నిలబడుతుంది. కారు తన చక్రాల మీదే రెండు ఉక్కు పట్టాలపై నిలుస్తుంది. మోటారు హైడ్రాలిక్ సిలిండరును నెడితే, సిలిండరు ఉక్కు తాళ్లను లాగుతుంది, తాళ్లు పట్టాల నాలుగు మూలలనూ ఎత్తుతాయి. కావలసిన ఎత్తుకు చేరాక ప్రతి స్తంభంలోనూ ఉన్న ఇనుప నిచ్చెన మెట్టు మీద కొక్కెం పడుతుంది. ఆ తర్వాత బరువు మోసేది కొక్కేలే, నూనె పీడనం కాదు. మోటారు 110 వోల్టులదే, మామూలు ప్లగ్గు చాలు.

ఎంచుకున్నది బయటి వెడల్పు 98, పొడవు 170 అంగుళాలున్న చిన్న రకం. మోసే శక్తి 7,000 పౌన్లు. నా కార్లు రెండూ ఒక్కోటి సుమారు టన్ను బరువువే.

మిడ్జెట్‌ను పైకెక్కిస్తే సరిపోతుంది కదా, అన్నిటికంటే తేలిక అదే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ దాని ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 45, 46 అంగుళాలే. ఈ లిఫ్టు పట్టాలు మామూలు కార్ల కోసం అంతకంటే ఎడంగా ఉంటాయి. మిడ్జెట్ టైర్లు పట్టాల లోపలి అంచున, కాలువ గట్టు మీద సైకిల్ తొక్కినట్టు నిలబడతాయి. పైగా పాత ఇంగ్లీషు ఇంజిను. ఆయిల్ కారకపోతే లోపల ఆయిల్ అయిపోయిందేమోనని అనుమానించాల్సిన రకం. అలాంటిదాన్ని ఇంకో కారు నెత్తిన పెట్టడం తెలివైన పని కాదు.

ఫిబ్రవరి 17

ఈ రోజంతా ఒక మలుపు దగ్గరే గడిచింది.

లిఫ్టు ఒకసారి నిలబెట్టాక మిడ్జెట్ దాని గుండా బయటికి రావడం కుదరదు. వెనక గోడ వెంబడి కుడివైపుకు జరిగి, రావ్4 ఖాళీ చేసిన చోట తొంభై డిగ్రీలు తిరిగి, అటునుంచి బయటికి రావాలి. సోఫాను వరండా మలుపు తిప్పడమే ఇది, సోఫా బరువు ఏడువందల కిలోలు, అంతే తేడా. లిఫ్టుకు వెనక గోడకు మధ్య 62 అంగుళాలు వదలగలను. లిఫ్టుకు కుడి గోడకు మధ్య 124 అంగుళాలు. ఈ రెండు సందుల మలుపులో 137 పొడవు, 55 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం తిరుగుతుందా?

పదో తరగతి త్రికోణమితి బయటికి తీశాను. కారు పొడుగు వైపు రెండు మూలలూ రెండు గోడలకు ఆనిస్తూ తిప్పితే, లిఫ్టు స్తంభం మూలకు దానికి మధ్య మిగిలే చోటు కోణాన్ని బట్టి మారుతుంది. ఐదేసి డిగ్రీలకు ఒకసారి లెక్క కట్టాను. అన్నిటికంటే ఇరుకైనది పాతిక డిగ్రీల దగ్గర: 56 అంగుళాలు. కారు 55. ఒక్క అంగుళం మిగిలింది! మిడ్జెట్ మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. అట్టముక్కతో తిప్పి చూశాం, తిరిగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అంతలో మా ఆవిడ వచ్చి, “ఆ మూలలో ఫ్రీజరు ఉంది కదా” అంది.

వెనక కుడి మూల. సరిగ్గా కారు మూతి తిరగాల్సిన చోటు.

ఈ ఫ్రీజరును తక్కువగా చూస్తే నాకే నష్టం. అందులో ఎండలు ముదరకముందే పెరటి చెట్టునుంచి కోసి దాచిన కరివేపాకు, గోంగూర, ములక్కాడ ముక్కలు, కొబ్బరి తురుము, అమ్మ చేసి పెట్టిన పూర్ణం ఉండలు, ఇంకా ఏవో మూటలు ఉన్నాయి. ఇంట్లోకి తీసుకురావడానికి చోటు లేదు. అమ్మేయమనే మాట నేను అనలేను. రెండు గంటలు చర్చించాక గ్యారేజీ తలుపుకు కుడిపక్కన, ముందు గోడకు వీపు ఆనించి, లోపలికి తిరిగి ఉండేలా పెట్టాలని ఒప్పందం కుదిరింది. అక్కడ గోడకూ రావ్4కూ మధ్య 30 అంగుళాలు ఉంటాయి. ఫ్రీజరు వెడల్పు 24. రావ్4 పక్క అద్దం దాన్ని రాసుకోకుండా వెళ్లాలంటే మా ఆవిడ జాగ్రత్తగా నడపాలి. ఆ మాట నేను అనలేదు, ఆవిడే అంది. నేను ఊరుకున్నాను.

బదులుగా ఆవిడ అడిగినది: బొమ్మల కొలువు పెట్టెలకు, బియ్యం బస్తాలకు మెట్ల కింద అలమారా. చెక్కముక్కలు దానికే ఖర్చయిపోయాయి. దాచినందుకు పనికొచ్చాయి.

మార్చి 9

తలుపు. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

కింది కారు 49 అంగుళాలు. దాని మీద కాస్త జాగా కావాలి. లిఫ్టు మనం కోరిన చోట ఆగదు, నిచ్చెన మెట్టు ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. నాకు దొరికే మెట్టు దగ్గర పట్టాల అడుగు 53 అంగుళాల ఎత్తున ఉంటుంది. పట్టాల మందం 5, పైన మియాటా 49 అనుకుంటే మొత్తం 107. కప్పు 114. ఏడు అంగుళాలు మిగిలాయని సంబరపడ్డాను. కానీ గ్యారేజీ తలుపు లేచి పడుకునేది కప్పుకు ఆనుకుని కాదు, ఎనిమిది అడుగుల ఎత్తుకు కాస్త పైన. అంటే తలుపు తెరిచినప్పుడల్లా మియాటా నెత్తిని కోసుకుంటూ వస్తుంది. దాని మోటారు కూడా నడిమధ్య కప్పు నుంచి వేలాడుతోంది.

పరిష్కారం ఉంది. తలుపు నిటారుగా ఇంకాస్త పైకి వెళ్లి, కప్పు దగ్గర మలుపు తిరిగేలా పట్టాలు మార్చడం. దానికి తలుపు తాళ్లు చుట్టుకునే డ్రమ్ములు మారాలి, పైనున్న స్ప్రింగు మారాలి, మోటారు కప్పునుంచి పక్కగోడకు మారాలి. ఈ ప్రాజెక్టులో నా చేత్తో ముట్టుకోనిది ఇదొక్కటే. ఆ స్ప్రింగులో తలుపు బరువంతా మెలిపెట్టి దాచి ఉంటుంది. అది చేయి జారితే ఎముకలు విరుగుతాయి. పనివాళ్లను పిలిచాను. మొదట వచ్చిన మనిషి కొలవకుండానే కుదరదన్నాడు. రెండో ఆయన టేపు తీసి, ముప్పై అంగుళాల జాగా ఉంది, బ్రహ్మాండంగా కుదురుతుంది అని ఒక్క పూటలో చేసిపెట్టి వెళ్లాడు. ఇప్పుడు తెరిచిన తలుపుకూ మియాటా ఉండబోయే చోటుకూ మధ్య రెండు అంగుళాల పైచిలుకు తేడా.

మార్చి 24

లిఫ్టు నిన్న లారీలో వచ్చింది. పెద్ద ఇనుపకట్ట. ముక్కలు విప్పి లోపలికి చేర్చడానికే నలుగురం ఒక పూటంతా పడ్డాం. మిత్రులకు అమ్మ పెసరట్టు ఉప్మా చేసిపెట్టింది. రెండో రోజు కూడా వాళ్లు రావడానికి కారణం స్నేహం కాదని నాకు తెలుసు.

నేల మట్టంగా లేదు. ఉండకూడదు కూడా. ఇక్కడి నిబంధనల ప్రకారం గ్యారేజీ నేల తలుపు వైపుకు వాలి ఉండాలి, నీళ్లయినా పెట్రోలయినా బయటికి జారిపోవడానికి. మా నేల వెనక స్తంభాలనుంచి ముందు స్తంభాలకు వచ్చేసరికి ఒకటిన్నర అంగుళం దిగింది. ప్రతి స్తంభంలోని నిచ్చెనను కింది నట్టు తిప్పి పైకీ కిందికీ జరపవచ్చు. లేజరు పరికరం అద్దెకు తెద్దామన్నారు. నేను పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపాను. మన ఊళ్లలో తాపీమేస్త్రీలు ఇంటి మట్టం చూసేది దీనితోనే. ఒక కొస ఒక స్తంభం దగ్గర, రెండో కొస ఇంకో స్తంభం దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీటి అంచు ఒకే మట్టంలో నిలుస్తుంది. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు. నాలుగు మూలలూ కుదిరాయి.

ఏప్రిల్ 6

మియాటా పైకెక్కింది.

ఎక్కే ముందు ర్యాంపు దగ్గర ముందు బంపరు అడుగు గీసుకుంది. ర్యాంపుల కింద రెండు చెక్కపలకలు పరిచి వాలు తగ్గించాక సాఫీగా వెళ్లింది. ర్యాంపులు విప్పి పక్కన పెట్టేవే. బిగించి ఉంచితే తలుపు మూసుకోదు.

మీట నొక్కితే కొక్కేలు ఒక్కో మెట్టు దాటుతూ టకటకమంటాయి. నాలుగు స్తంభాల్లోంచి ఒకేసారి ఆ శబ్దం రావాలి. రెండోసారి ఎత్తినప్పుడు ఒక మూల నుంచి ఆలస్యంగా వచ్చింది. దించి, ఆ మూల తాడు బిగువు సరిచేసి మళ్లీ ఎత్తాను. కోరిన ఎత్తు దాటాక కాస్త దించి, నాలుగు కొక్కేలూ మెట్ల మీద కూర్చున్నాయని కంటితో చూసి, చేత్తో తట్టి చూసి గానీ కిందికి వెళ్లలేదు. ఇక ముందూ వెళ్లను. ఇంట్లో వాళ్లకూ అదే నియమం.

యాంటెన్నా విప్పడం మరిచిపోయాను. తలుపు తెరవగానే అది విల్లులా వంగింది. విరగలేదు. దాని మీద ఎర్ర గుడ్డ ఒకటి కట్టాను, ఈసారి గుర్తుండటానికి.

తర్వాత కింద ఎంఆర్2. ముందుకు నడిపి పెడితే డ్రైవరు తలుపు ఎడమ గోడ వైపు పడుతుంది. అక్కడ స్తంభాల మధ్య దిగవచ్చు గానీ నడుము విరుచుకుని దిగాలి. వెనక్కి నడిపి పెట్టి చూశాను. డ్రైవరు తలుపు రావ్4 వైపుకు వచ్చింది. రావ్4 ముందుకు వస్తుంది కాబట్టి దాని డ్రైవరు తలుపూ ఇటువైపే. రెండు తలుపులకూ ఒకటే సందు! స్తంభాల దగ్గర అది 21 అంగుళాలు, స్తంభాల మధ్య 35. కారు తలుపు రెండు స్తంభాల మధ్య పడేలా ఆపాలి, అందుకు నేల మీద పచ్చ టేపు అంటించి, కప్పు నుంచి తాడుకు టెన్నిస్ బంతి కట్టాను. బంతి అద్దానికి తగిలితే ఆగడమే. ఈ మొత్తం ప్రాజెక్టులో పైసా ఖర్చు లేకుండా 14 అంగుళాలు సంపాదించింది ఈ ఒక్క ఆలోచనే. జనవరిలోనే తట్టి ఉంటే ఎన్ని అట్టముక్కలు మిగిలేవో.

ఏప్రిల్ 9, ఉగాది

నిన్న సంపూర్ణ సూర్యగ్రహణం. డాలస్ మీదుగానే వెళ్లింది. సెలవు పెట్టుకున్నాను, లిఫ్టు తాళ్లకు గ్రీజు పెడదామనుకున్నాను. అమ్మ పట్టు విడుపు లేదని చెప్పేసింది: గ్రహణం విడిచి స్నానం చేసేదాకా ఇనుము ముట్టుకోవద్దు. గ్రహణం చూసే ప్రత్యేక కళ్లజోళ్లు పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాం. మధ్యాహ్నం పూట చీకటి పడి వీధి దీపాలు వెలిగాయి. ఈరోజు పచ్చడి తిన్నాక గ్రీజు పెట్టాను.

ఏప్రిల్ 20

మిడ్జెట్ ఇంటికొచ్చింది. ట్రక్కు మీద తెచ్చి వాకిట్లో దించాం. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఇందులో మనుషులు కూర్చుంటారా?” అంది.

గ్యారేజీలో ఇంజిను నడపడం లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పైగా ఇంట్లోకి తెరుచుకునే తలుపు పక్కనే ఉంది. తోయడమే. రావ్4 స్థానంలోకి తోసి, ఒక్కో చక్రాన్నీ ఎత్తి కింద చిన్న చక్రాల డాలీలు దూర్చాం. అప్పటినుంచి కారు ఎటు తోస్తే అటు, పక్కలకు కూడా కదులుతుంది.

కదులుతుందనుకున్నాను. మా కాంక్రీటు నేలలో గీతలున్నాయి. డాలీ చిన్న చక్రం ఆ గీతలో పడితే మనుషులు ముగ్గురు తోసినా కదలదు. గీత మీద సన్నని ఇనుప రేకు పరిచి దాటించాం. ఫ్రీజరు లేని మూలలోకి మూతి తిప్పాం. పాతిక డిగ్రీల దగ్గర అమ్మాయి స్తంభానికీ కారుకూ మధ్య వేలు పెట్టి చూసింది. “ఒకటి కాదు నాన్నా, రెండు వేళ్లు పడుతున్నాయి.” గుండ్రటి మూలల పుణ్యం. లోపలికి తోయడానికి 40 నిమిషాలు, అందులో 25 వాదోపవాదాలు.

సాయంత్రం ఆరు గంటలకు నాలుగు కార్లూ లోపల ఉండగా తలుపు మూసుకుంది. మా ఆవిడ ఫ్రీజరు తెరిచి చూసి, అందులోంచి ఐస్‌క్రీమ్ తీసింది. అంటే అది తెరుచుకుంటోంది.

ఏప్రిల్ 28

రెండు సంగతులు.

ఎంఆర్2 గుడ్డ టాప్ మీద నాణెమంత నల్ల మరక. పైకి చూస్తే మియాటా. ఇంజిను వెనక భాగాన క్యామ్ యాంగిల్ సెన్సారు దగ్గర ఉండే రబ్బరు రింగు గట్టిపడి ఆయిల్ కారడం ఈ తొలి తరం మియాటాలకు మామూలే. మిడ్జెట్‌ను అనుమానించి పైకెక్కించలేదు, పెద్దమనిషి అనుకున్న జపాన్ కారు ఈ పని చేసింది. రింగు ధర లెక్కలోకి రానిది. దాన్ని మార్చడానికి చెయ్యి దూరే సందు మాత్రం లేదు, ముంజేయి గీసుకుపోయింది. పట్టాల మధ్య వేయడానికి నూనె పళ్లేలు అమ్ముతారు. అవి వచ్చేదాకా పోయిన పార్టీలో మిగిలిన బిర్యానీ అల్యూమినియం ట్రేలు మూడు వరుసగా పరిచాను. సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు కొనడం దేనికా అనిపిస్తోంది.

రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేల తలుపు వైపుకు వాలిందని మార్చిలో నేనే రాసుకున్నాను. మిడ్జెట్ అడ్డంగా, డాలీల మీద ఉంది. వారం రోజుల్లో అది గోడ దగ్గర నుంచి చడీచప్పుడు లేకుండా మూడు అంగుళాలు ముందుకు జారింది. మూడింటి దగ్గరే పట్టుకున్నాను కాబట్టి లిఫ్టు స్తంభానికి తగల్లేదు. డాలీల చక్రాలకు తాళాలు రెండింటికే వేశాను, మిగతా రెండింటికి మరిచాను. ఇప్పుడు నాలుగింటికీ తాళాలు, ముందువైపు చెక్క చీలికలు, అదీ చాలదని వెనక గోడలోని కలప స్తంభానికి బిగించిన కొక్కేనికి ఒక పట్టీ. గొడ్డును కట్టేసినట్టే కట్టేశాను.

మే 29

నిన్న తెల్లవారుజామున గాలివాన. డాలస్ చుట్టుపక్కల లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మా వీధిలో రెండు పెద్ద చెట్లు పడ్డాయి. రావ్4 లోపల ఉంది. మా ఆవిడ దాని బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది, నాతో ఏమీ అనలేదు. నాకు అది చాలు.

తలుపు మోటారుకు బ్యాటరీ ఉంది కాబట్టి రెండుసార్లు తెరుచుకుంది. మూడోసారి ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తాం. కొత్త స్ప్రింగు సరిగ్గా తూగింది, ఒక చేత్తోనే లేచింది. రావ్4, ఎంఆర్2 బయటికి వచ్చాయి. మియాటాను దించుదామని మీట దగ్గరకు వెళ్లాక తట్టింది: కొక్కేలు విడిపించాలంటే ముందు లిఫ్టును కాస్త పైకెత్తాలి. ఎత్తాలంటే మోటారు తిరగాలి. మోటారుకు కరెంటు కావాలి. దాదాపు ఐదడుగుల ఎత్తున అది క్షేమంగానే ఉంది, ఏ పీడనమూ అక్కరలేకుండా ఇనుప మెట్ల మీద కూర్చుని ఉంది. దిగిరావడం మాత్రం కుదరదు.

“పోనీలేరా, ఉన్న నాలుగింటిలో ఒకదాన్ని నిజంగానే అటకెక్కించావు” అంది అమ్మ.

ఫ్రీజరు సంగతి చూడాల్సి వచ్చింది. కరిగిపోకముందే గోంగూర పప్పు, ములక్కాడ పులుసు, మిగిలిన పూర్ణంతో బూరెలు. గ్యాసు పొయ్యి కాబట్టి వంటకు ఇబ్బంది లేదు. ఖాళీ అయిన గ్యారేజీలోనే, మియాటా కింద కాకుండా రావ్4 చోట, మడత బల్ల వేసి ఇరుగుపొరుగు నాలుగు ఇళ్లవాళ్లకు భోజనం పెట్టాం. ఉత్తరం రాసిన కాలనీ సంఘం తాలూకు మనిషి కూడా వచ్చి, వెనక గోడకు కట్టేసి ఉన్న మిడ్జెట్‌ను చాలాసేపు చూశాడు.

కరెంటు ఇంకా రాలేదు. జనరేటరు ఒకటి అద్దెకు దొరుకుతుందేమో రేపు కనుక్కోవాలి. వచ్చాక చేయాల్సినవి: మియాటా దించి రబ్బరు రింగు మళ్లీ చూడటం (ట్రేలో రెండు చుక్కలున్నాయి), ఎడమ వెనక తాడు బిగించడం, మిడ్జెట్ బ్యాటరీకి చార్జరు తగిలించడం.